ఏడు హాలీలు, ఆరు కల్దార్లు

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల రెండవనాడు పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బ్యాంకు ఉద్యోగంలో చాలా కాలం విదేశీ మారకం విభాగంలో పనిచేసిన వాణ్ణి కనుక, డాలరుకూ రూపాయికీ గల మారకపు రేటు గురించి నాలుగు మాటలు చెప్పమని ఉత్సవ సంఘం వారు ముందుగా కోరారు. వారి కోరికలో తప్పు లేదు. మన ఇళ్ళలో ఎందరి పిల్లలో నేడు విదేశాల్లో ఉన్నారు. రూపాయి పది పైసలు జారితే ఇక్కడ తల్లిదండ్రులకే ముందు తెలుస్తుంది. అయితే ఆ రేటు ప్రతి ఉదయం పత్రికలో అచ్చవుతుంది. దానికి నా అవసరం లేదు. ఏ పత్రికలోనూ నేడు కనబడని మరొక మారకపు రేటు ఉన్నది. షోలాపూరు తెలుగువారి ఇళ్ళలో అది కొన్ని తరాలపాటు ఉప్పు, చింతపండు ధరలంత పరిచితమైనది. దానిని గురించి మాట్లాడతానన్నాను. వారు పెద్దమనసుతో ఒప్పుకున్నారు.

ఆ రేటు ఇది: ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు.

నేటి పిల్లలకు ఈ రెండు మాటలూ కొత్తవి. 'కల్' అంటే యంత్రం. యంత్రం మీద అచ్చయిన నాణెం కనుక ఇంగ్లీషువారి రూపాయిని జనం కల్దారు అన్నారు. 'హాలీ సిక్కా' అంటే ప్రస్తుతం చెలామణిలో ఉన్న నాణెం అని అర్థం. అది హైదరాబాదు నిజాం ప్రభుత్వపు రూపాయి. 'ప్రస్తుతం' అని పేరు పెట్టుకున్న ఆ నాణెం చెల్లకుండా పోయి ఇప్పటికి అరవై ఏళ్ళు దాటింది. పేర్లకు ఇటువంటి చమత్కారాలు జరుగుతుంటాయి.

మన ఊరు సరిగ్గా ఈ రెండు రూపాయల సరిహద్దున ఉండేది. షోలాపూరు బొంబాయి ప్రెసిడెన్సీలోది. ఇక్కడ కూలి కల్దారులో ముట్టేది. ఇక్కడికి దాదాపు నలభై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న తుల్జాపురం, హైదరాబాదు వెళ్ళే దారిలో ఉన్న నల్దుర్గం, రెండూ అప్పటి ఉస్మానాబాదు జిల్లాలోవి, అంటే నిజాం రాజ్యంలోవి. భవానీమాత మొక్కు తీర్చుకోవడానికి బండి కట్టుకొని బయలుదేరిన మన పెద్దలు నడుమ ఒకచోట డబ్బు మార్చుకొని గాని ముందుకు సాగేవారు కాదట. భాష మారకుండా, చుట్టరికం మారకుండా, ఒక్క రూపాయి మాత్రం మారిపోయే సరిహద్దు అది.

1877లో ఇక్కడ మొదటి నూలు మిల్లు వెలసిన తరువాత కరీంనగరం, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుండి మగ్గాన్ని నమ్ముకున్న కుటుంబాలు ఈ ఊరికి తరలివచ్చిన సంగతి ఈ సభలో ఎవరికీ చెప్పనక్కరలేదు. వచ్చినవారు సంపాదించినది కల్దారు. వెనుక ఊళ్ళో వారి అప్పు హాలీ, కట్టవలసిన భూమి శిస్తు హాలీ, పెళ్ళి ఖర్చు హాలీ. కాబట్టి అక్షరం రాని మనిషి కూడా ఈ ఏడు–ఆరు లెక్కతోనే బ్రతుకు సాగించవలసి వచ్చింది.

ఇంతకూ ఏడుకు ఆరు ఎందుకు? అయిదుకు నాలుగు ఎందుకు కాకూడదు? దీనికి జవాబు వెండిలో ఉన్నది.

1835లో కంపెనీ ప్రభుత్వం తన ఏలుబడి అంతటికీ ఒకే వెండి రూపాయిని నిర్ణయించింది. దాని బరువు 180 గ్రెయిన్లు, అంటే సరిగ్గా ఒక తులం. అందులో పన్నెండింట పదకొండు వంతులు శుద్ధ వెండి, అనగా 165 గ్రెయిన్లు. చార్మినార్ ముద్ర గల హాలీ రూపాయి బరువు 172 1/2 గ్రెయిన్లు. అందులో వెయ్యింట 818 పాళ్ళు వెండి. గుణించి చూస్తే శుద్ధ వెండి 141 గ్రెయిన్ల పైచిలుకు వస్తుంది. ఇప్పుడు 165ను 141తో భాగించండి. దాదాపు ఏడును ఆరుతో భాగించినంత వస్తుంది. ఏ దివాను మనసులో పుట్టిన అంకె కాదది; నాణెపు కడుపులో ఉన్న లోహమే ఆ అంకెను చెప్పింది. ఈ సంగతి నాకు బ్యాంకులో చేరిన చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. తెలిసిన రోజున మాత్రం తప్పిపోయిన చుట్టం దొరికినంత సంతోషం కలిగింది.

అయితే ఆ అంకె మొదటి నుండీ స్థిరంగా లేదు. పూర్వం షరాబు కొట్టులో ఏనాటి బట్టా ఆనాడే. నాణెం వన్నె చూసి, అరుగుదల చూసి, ఎదుటి మనిషి ముఖం చూసి కూడా షరాబు బట్టా చెప్పేవాడు. అప్పట్లో కల్దారు సైతం తన పెద్దన్న వంటి ఇంగ్లండు పౌను ముందు వణుకుతూనే ఉన్నది. 1870కి ముందు రూపాయికి సుమారు రెండు షిల్లింగులు వచ్చేవి. జర్మనీ వంటి దేశాలు వెండిని వదలి బంగారు నాణేనికి మారడం, అమెరికాలో కొత్త వెండి గనులు బయటపడడం వలన వెండి ధర పడిపోయి, 1892-93 నాటికి రూపాయి విలువ షిల్లింగు మూడు పెన్నీలకు దిగింది. మన దేశం నుండి ఇంగ్లండుకు ఏటా కట్టవలసిన పింఛన్లు, వడ్డీలు, జీతాలు అన్నీ పౌనులలో ఉండేవి కనుక ప్రభుత్వం బెంబేలెత్తి 1893 జూన్‌లో టంకసాలలను మూసింది. అంటే, వెండి తెచ్చి ఇచ్చి రూపాయలు కొట్టించుకొనే హక్కు అంతటితో ప్రజలకు పోయింది. 1899లో పౌనుకు పదిహేను రూపాయలని చట్టమే చేశారు. అప్పటి నుండి కల్దారు విలువ దానిలోని వెండికి సంబంధం లేకుండా నిలబడింది. హాలీకీ కల్దారుకూ మధ్య బట్టా కుదుటపడక కొంతకాలం ఊగులాడింది.

హైదరాబాదులో మహబూబ్ అలీ ఖాన్ ఏలుబడి చివరి దశకంలో కొత్త యంత్రాల టంకసాల ఏర్పడి, చార్మినార్ బొమ్మతో చక్కని రూపాయి వచ్చింది. ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు నాణెం మీద ఆ చార్మినార్ ద్వారంలో 'ఐన్' అనే ఉర్దూ అక్షరం, ఆయన పేరులోని మొదటి అక్షరం, కనిపిస్తుంది. ఈ ముద్ర వచ్చాక బట్టా క్రమంగా ఒక దారికి వచ్చి, నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైసలు హాలీ అన్నది సర్కారు రేటుగా నిలిచింది. ఏడుకు ఆరు అన్న మాటనే నూటికి పెంచి చెప్పిన అంకె ఇది.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువు వచ్చినప్పుడు, 1918లో, హైదరాబాదు సొంత కాగితపు నోట్లు కూడా మొదలుపెట్టింది. ఆ నోట్ల మీద ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలు ఉండేవి. తెలుగు బడికి దిక్కులేని ఊళ్ళో కూడా నోటు మీద తెలుగు ఉండేదన్నమాట! ఇంగ్లండులో అచ్చయిన ఆ నోట్ల కట్టలను తెస్తున్న 'ఈజిప్ట్' అనే ఓడ 1922 మే నెలలో ఫ్రాన్సు తీరం దగ్గర మునిగిపోయింది. పదేళ్ళ తరువాత ఇటలీవారు సముద్రం అడుగుకు దిగి ఆ ఓడలోని బంగారాన్ని వెలికి తీశారు. సంతకాలు లేని నిజాం నోట్లు కూడా దానితో దొరికాయి. అవి నేడు నాణేలు, నోట్లు సేకరించేవారి చేతుల్లో ఉన్నాయి. విషయానికి ఇది అవసరం లేకపోయినా పిల్లలు వింటారని చెప్పాను.

రేటు ప్రకటించడం తేలిక, నిలబెట్టడం కష్టం. బ్యాంకులో పనిచేసిన వాడిగా ఇక్కడ కొంచెం ఆగుతాను. పంటల కాలంలో పత్తి, ఆముదాలు, వేరుశనగ కొనడానికి బయటి వర్తకులు కల్దార్లతో వచ్చి హాలీ కోసం ఎగబడతారు. అప్పుడు హాలీకి గిరాకీ. తరువాత కొన్ని నెలలకు సంస్థానంలోని వర్తకులు బయటి నుండి గుడ్డ, ఉప్పు, చక్కెర తెప్పించుకోవడానికి హాలీ ఇచ్చి కల్దార్లు అడుగుతారు. అప్పుడు కల్దారుకు గిరాకీ. ఈ ఆటుపోట్లలో ఏడుకు ఆరు చెదరకుండా ఉండాలంటే, ఎవరు అడిగినా ఆ రేటుకే ఇచ్చి పుచ్చుకొనే దిట్టమైన చెయ్యి ఒకటి ఉండాలి. ఆ చేతిలో రెండో రూపాయి నిల్వ ఉండాలి. హైదరాబాదు ప్రభుత్వం తన నోట్ల వెనుక వెండితోపాటు భారత ప్రభుత్వపు కల్దారు పత్రాలను నిల్వ పెట్టుకొన్నది. 1942లో పని మొదలుపెట్టిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు ఈ బాధ్యతను చేపట్టింది. తరువాతి కాలంలో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదుగా పేరు మార్చుకొని, 2017లో భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయిన బ్యాంకు అదే.

హాలీ ఇట్లా కల్దారు కొంగు పట్టుకొని నడుస్తుండగా కల్దారు పౌను కొంగు పట్టుకొని నడిచింది. 1920లో రూపాయికి రెండు షిల్లింగులని పట్టుబట్టి ప్రభుత్వం కోట్ల రూపాయలు నష్టపోయి ఆ ప్రయత్నాన్ని మానుకొంది. తరువాత హిల్టన్ యంగ్ కమిషన్ సిఫారసుతో 1927లో రూపాయికి షిల్లింగు ఆరు పెన్నీలని నిర్ణయించారు. షిల్లింగు నాలుగు పెన్నీలే ఉండాలని ఆ కమిషన్‌లోనే సభ్యులైన పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ అసమ్మతి రాశారు. రెండు పెన్నీల తేడాకు అంత రభస ఎందుకని మీరు అడగవచ్చు. పాత రేటున పౌను ఖరీదు గల విలాయతీ గుడ్డ ఇక్కడ పదిహేను రూపాయలు. కొత్త రేటున 13 రూపాయల 5 అణాల 4 పైసలు. షోలాపూరు మిల్లు గుడ్డ మాత్రం అదే ధర. బజారులో ఏది అమ్ముడు పోతుంది? బొంబాయి మిల్లుల వారు ఆనాడు గొంతు చించుకొన్నది ఇందుకే. ప్రభుత్వానికి మాత్రం ఇంగ్లండుకు పంపే ప్రతి పౌనుకూ రూపాయిన్నరకు పైగా మిగిలింది. రూపాయి సమస్య మీద 1923లోనే గ్రంథం రాసిన డాక్టర్ అంబేద్కర్ కూడా ఆ కమిషన్ ముందు సాక్ష్యం ఇచ్చారు. మారకపు రేటు కదిలినప్పుడల్లా ఒకరి జేబులోంచి మరొకరి జేబులోకి చడీచప్పుడు లేకుండా డబ్బు పోతుంది. ఎవరి నుండి ఎవరికి అన్నదే అసలు తగవు.

ఇక మా ఇంటి సంగతి చెబుతాను. చెప్పకూడదని చాలా ఏళ్ళు అనుకొన్నాను. ఎనభై దాటిన తరువాత దాచుకొని ఏం చేస్తాను?

మా తాత సిరిసిల్ల దగ్గర ఒక పల్లె నుండి ఇక్కడి మిల్లుకు వచ్చాడు. వచ్చే ముందు ఊళ్ళో ఒక షావుకారు దగ్గర రెండెకరాల చెలక తాకట్టు పెట్టి 350 రూపాయలు తీసుకొన్నాడు. పత్రంలో స్పష్టంగా 'హాలీ సిక్కా' అని ఉన్నది. భూమి షావుకారు అనుభవంలోనే ఉండేది కనుక వడ్డీ లేదు. అసలు చెల్లించిననాడు భూమి విడుదల. నాయనమ్మ పిల్లలతో ఊళ్ళోనే ఉండిపోయింది. తాత ఇక్కడ ఒక గదిలో నలుగురితో కలిసి ఉంటూ, ఒక పూట తిని ఒక పూట తినక, కొంత మనియార్డరు చేసి, కొంత ఊరికి పోయేవారి చేతికిచ్చి, అయిదారేళ్ళలో ఆ 350 చెల్లించాడు. పంపిన ప్రతిసారీ షావుకారు రసీదు రాసి పంపేవాడు. 'రూపాయలు నలభై ముట్టినవి', 'రూపాయలు ఇరవై అయిదు ముట్టినవి' అని ఉండేది. ఏ రూపాయలో ఒక్క రసీదులోనూ లేదు.

నేను ఈ బడిలో చదువుతున్నప్పుడు, 1953 కావచ్చు, లెక్కల పంతులుగారు బట్టా లెక్కలు చెప్పారు. మా తరగతిలో సగం మందికి నిజాం ఇలాకాలో చుట్టాలు ఉండేవారు కనుక ఆయన పుస్తకంలోని పౌనులు, షిల్లింగులు పక్కన పెట్టి హాలీ, కల్దారు మీదనే లెక్కలు కట్టించేవారు. కల్దారు ఒకటికి హాలీ రూపాయి రెండు అణాల ఎనిమిది పైసలు. కల్దార్లు పన్నెండైతే హాలీలు పద్నాలుగు. నూట ఇరవై కల్దార్లకు నూట నలభై హాలీలు. ఆ సాయంత్రం నేను పలక పట్టుకొని తాత ముందు కూర్చుని గొప్పగా ఈ లెక్కలు వల్లించాను. తాత బీడీ ఆర్పి, "మరి మున్నూటయాభై హాలీలకు ఎన్ని కల్దార్లు బిడ్డా?" అని అడిగాడు.

ఏడుతో భాగించి ఆరుతో గుణించాను. మూడు వందలు.

"మళ్ళొకసారి చెయ్యి."

మళ్ళీ చేశాను. మూడు వందలే.

తాత ఇంకేమీ అనలేదు. లేచి వెళ్ళి రేకుపెట్టె తెరచి, గుడ్డలో చుట్టిన రసీదులు తెచ్చి నా ముందు పెట్టి, "ఇవి కూడు" అన్నాడు. పదకొండు రసీదులు. కూడితే 350. పంపినవన్నీ కల్దార్లు. బాకీ ఉన్నది 300 కల్దార్లు మాత్రమే. "ఇంకో యాభై ఏడికి పోయినయిరా?" అని తాత నన్ను అడిగాడు. పదేళ్ళ పిల్లవాణ్ణి, ఏం చెప్పను? లెక్క తప్పు చేశానేమో అని ఏడుపు వచ్చింది.

మరునాడు మిల్లు మానుకొని తాత నాతోపాటు బడికి వచ్చాడు. పంతులుగారు రసీదులన్నీ తిరగేసి, మనియార్డరు చేసినప్పుడు ఇక్కడి టపాలో ఇచ్చిన చీటీలు కూడా ఉన్నాయా అని అడిగారు. ఏడు ఉన్నాయి. షోలాపూరు టపా ఆఫీసు ముద్ర ఉన్నది కనుక అవి కల్దార్లేనని వేరే రుజువు అక్కరలేదు. ఆ లెక్కంతా ఒక కాగితం మీద వేసి చూపించారు. 350 కల్దార్లంటే 408 రూపాయల 5 అణాల 4 పైసలు హాలీ. షావుకారుకు ఎక్కువ ముట్టినది 58 రూపాయల 5 అణాల 4 పైసలు.

"తెలిసే తీసుకున్నడా పంతులూ, తెల్వక తీసుకున్నడా?" అని తాత అడిగాడు.

"లెక్క రాసుకొనేవాడికి తెలియకుండా ఉంటుందా తాతా!" అన్నారు పంతులుగారు.

తరువాత నేను జీవితమంతా మారకపు లెక్కలతోనే గడిపాను. షావుకారు వైపు నుండి కూడా చాలాసార్లు ఆలోచించి చూశాను. అతని వెనుకేసుకు రావడానికి ఒక్క దారీ దొరకలేదు. సరిహద్దు జిల్లాల సంగతి అటుంచి, తన చేతికి వచ్చిన వెండి రూపాయి మీద రాజు తల ఉన్నదా, చార్మినార్ ఉన్నదా అన్నది వడ్డీ వ్యాపారికి చీకట్లో తడిమినా తెలుస్తుంది.

యాభై కల్దార్లంటే తాతకు ఆనాడు రెండు నెలల కష్టం. కాని నష్టం డబ్బుతో ఆగలేదు. ఆ యాభై కూడబెట్టడానికి పట్టిన సుమారు ఏడాది కాలం భూమి షావుకారు చేతిలోనే ఉన్నది. ఆ ఏడాది జొన్న పంట అతనిది. ఆ పంటకు కలుపు తీయడానికీ, కోయడానికీ నాయనమ్మ కూలికి వెళ్ళింది. లెక్క ప్రకారం అప్పటికే విడుదలై ఉండవలసిన తన చెలకలోనే ఆమె కూలి చేసింది. ఈ సంగతి విన్న రోజు నుండి మూడు రోజులు నాయనమ్మ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

వెళ్ళి అడుగుదామంటే షావుకారు అప్పటికే కాలం చేశాడు. 1948 గొడవలలో వారి కుటుంబం ఊరు విడిచి పోయింది.

ఆ గొడవలలో ఈ రెండు రూపాయలకూ పాత్ర ఉన్నది. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చేసుకొన్న కొద్ది కాలానికే నిజాం ప్రభుత్వం తన రాజ్యంలో భారత రూపాయి చెల్లదని ఆర్డినెన్సు తెచ్చింది. తన దగ్గరున్న భారత ప్రభుత్వ పత్రాలలో ఇరవై కోట్ల రూపాయల మేరకు పాకిస్తానుకు అప్పుగా ఇచ్చింది. ఇందాక చెప్పిన దిట్టమైన చెయ్యి గుర్తున్నది కదా. ఆ చేతిలో ఉండవలసిన పత్రాలే రాజకీయానికి పావులయ్యాయి. రజాకార్ల భయానికి సరిహద్దు దాటి షోలాపూరు, బార్షీ ప్రాంతాలకు వచ్చినవారి మూటల్లో ఉన్నవి హాలీ రూపాయలు. వాటిని ఇక్కడ ఎవరు, ఎంతకు తీసుకొన్నారో మన ఊరి పెద్దల ఇళ్ళలో కథలుగా మిగిలాయి. సర్కారు రేటు కాగితం మీదే ఉన్నదని మాత్రం చెప్పగలను. సెప్టెంబరులో పోలీసు చర్యతో ఆ అధ్యాయం ముగిసింది.

1950లో, మన పాఠశాల పుట్టిన సంవత్సరమే, హైదరాబాదు రాష్ట్రంలో భారత రూపాయి హాలీతోపాటు చెలామణిలోకి వచ్చింది. అదే ఏడుకు ఆరు. బ్యాంకులో ఇచ్చి మార్చుకొన్నవాడికి ఒక్క పైస నష్టం లేకుండా మార్చారు. ఆ దశకంలో క్రమంగా హాలీని ఉపసంహరించి, 1959 నాటికి పూర్తిగా చెల్లకుండా చేశారు. రెండు రూపాయలు ఒకటి కావడమంటే ఇదే. ఇంత పెద్ద మార్పు ఇంత నెమ్మదిగా జరగడం మన అదృష్టం.

ఒకటి రెండుగా చీలడం ఎట్లా ఉంటుందో కూడా అదే కాలంలో చూశాము. దేశ విభజన తరువాత కొన్ని నెలలు పాకిస్తానులో మన రూపాయే నడిచింది. 1948 జూలై 1న వారి స్టేట్ బ్యాంకు ఏర్పడింది. 1949 సెప్టెంబరులో ఇంగ్లండు పౌను విలువను డాలరుతో 4.03 నుండి 2.80కి తగ్గించగా మనమూ అంతే తగ్గించాము; డాలరు 3 రూపాయల 31 పైసల నుండి 4 రూపాయల 76 పైసలకు లేచింది (నేటి పైసలలో చెబుతున్నాను). పాకిస్తాను తగ్గించలేదు. రాత్రికి రాత్రి నూరు పాకిస్తాను రూపాయలకు 144 మన రూపాయలయ్యాయి. ఆ రేటును మనం ఒప్పుకోలేదు. జనపనార తూర్పు బెంగాలులో, జనపనార మిల్లులు కలకత్తాలో. పొలం ఒకవైపు, మగ్గం ఒకవైపు ఉండిపోయి వ్యాపారం స్తంభించింది. 1951లో మనం ఆ రేటును అంగీకరించిన తరువాత గాని మళ్ళీ సాగలేదు. 1955లో వారు కూడా తమ రూపాయి విలువను తగ్గించారు. ఇందులో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరచే సంగతి ఒకటున్నది. ఆనాడు పాకిస్తాను ఆర్థికమంత్రి గులాం మహమ్మద్, వారి స్టేట్ బ్యాంకు మొదటి గవర్నరు జాహిద్ హుసేన్, ఇద్దరూ అంతకు ముందు హైదరాబాదులో ఆర్థిక శాఖను చూసినవారే. ఒక రూపాయి పక్కన మరొక రూపాయిని నిలబెట్టే విద్యను వారు ఈ దక్కనులోనే అభ్యసించారు.

నా ఉద్యోగ కాలపు సంగతులు పెంచను. బొంబాయిలో నేను కొత్తగా గుమాస్తాగా ఉన్నప్పుడు, 1966 జూన్ 6, సోమవారం ఉదయం కౌంటరు తెరిచేసరికి పౌను 13 రూపాయల 33 పైసల నుండి 21 రూపాయలకు, డాలరు 4.76 నుండి 7.50కి మారి ఉన్నాయి. 1927 నుండి ముప్పై తొమ్మిదేళ్ళు కదలని పౌను అంకె ఒక్క రాత్రిలో కదిలింది. ఇంగ్లండు నుండి యంత్రం తెప్పించుకొంటున్న ఒక చిన్న కార్ఖానా యజమాని ఒప్పందం కాగితం పట్టుకొని నా ముందు నిలబడ్డాడు. ఇందులో ఇంత అని రాసి ఉన్నది కదా, మరి ఎందుకు ఎక్కువ కట్టాలని అడిగాడు. కాగితం చూశాను. ధర పౌనులలో ఉన్నది. ఏ తేదీ రేటున రూపాయలు కట్టాలో లేదు. నాకు వెంటనే గుర్తొచ్చినవి తాత రసీదులు. మరుసటి ఏడు నవంబరులో పౌనే తగ్గింది, 18 రూపాయలకు వచ్చింది. 1975 సెప్టెంబరులో రూపాయి పౌను కొంగు వదిలింది. 1991 జూలైలో పి.వి. నరసింహారావుగారు ప్రధానిగా ఉండగా, మూడు రోజుల వ్యవధిలో రెండుసార్లు రూపాయి విలువను తగ్గించారు. ప్రతిసారీ కౌంటరు ముందు అటువంటి మనిషి ఒకడు కాగితం పట్టుకొని నిలబడేవాడు.

కిందటి నెల ఉత్సవ సంఘం వారు పాఠశాల పాత చందాల పుస్తకం నాకు చూపించారు. మొదటి సంవత్సరాల పుటలు చెదలు తినగా మిగిలినవి. వరుసగా పేర్లు, ఎదురుగా అంకెలు: అయిదు, రెండు, పది, ఒకటి. తాత పేరు ఎదురుగా ఆరు రూపాయలు ఉన్నది. తేదీ చూస్తే మేము పంతులుగారి దగ్గరికి వెళ్ళిన తరువాత రెండు వారాలకు. ఆ పుట మొత్తంలో ఆ ఒక్క అంకె ముందు మాత్రమే చిన్న అక్షరాలతో 'కల్దారు' అని రాసి ఉన్నది. తాత ఆనాడు బల్ల ముందు నిలబడి, ఆ మాట రాసేదాకా రసీదు తీసుకోలేదని పంతులుగారు తరువాత మాకు చెప్పి నవ్వేవారు.

తాత రసీదులు పదకొండు, టపా చీటీలు ఏడు, పంతులుగారు లెక్క వేసిన కాగితం నేడు ప్రధానోపాధ్యాయుల వారికి అప్పగిస్తున్నాను. ఏడో తరగతి పిల్లలకు ఇచ్చి ఒకసారి కూడించి చూడండి.

సెలవు.